పదిహేడో ప్రశ్న

జనవరి 8

నా ప్రశ్నావళి పాసైంది. నేను పాసవుతానో లేదో ఇంకా తెలీదు.

మా గైడు ప్రొఫెసర్ శివరామకృష్ణ గారు దాన్ని మూడు వారాలు తన దగ్గర పెట్టుకుని రెండు మార్పులు చేసి ఇచ్చారు. ఒకటి, నా పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఆయన పేరు. రెండోది, పదిహేడో ప్రశ్న. "మీరు గర్భసంచి తీయించుకోవడానికి కారణం ఏమిటి?" అని రాసి నేను కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలాను. ఆయన గీతలు కొట్టేసి నాలుగు గళ్ళు పెట్టారు. ఎ) నిరక్షరాస్యత. బి) అవగాహన లోపం. సి) కుటుంబ సభ్యుల ఒత్తిడి. డి) మూఢనమ్మకం. కోసిన డాక్టరు ఈ నాలుగు గళ్ళలో ఎక్కడా లేడు.

ఇప్పుడు నేను మిరపకాయలు ఏరుకుంటున్న ఒక మనిషి ముందు కూర్చుని, "అమ్మా, తమరిది నిరక్షరాస్యతా, మూఢనమ్మకమా?" అని అడగాలి.

"ఇతరములు అని ఒక గడి పెడదామా సార్?" అన్నాను.

"ఇతరములు పెడితే అందరూ దాంట్లోనే పడతారమ్మా మహతీ. టేబుల్ రాదు."

ఎమ్మే హెల్త్ సోషల్ సైన్సెస్. క్లాసులో తొమ్మిది మందిమి. ఆరుగురం మెడికల్ సీటు రాక వచ్చాం, మిగతా ముగ్గురూ ఎంబీయే సీటు రాక. దేశ ఆరోగ్యం మా చేతుల్లో ఉంది.

జనవరి 9

చీరాల నుంచి అమ్మ ఫోను. "తిన్నావా?" "తిన్నాను." "ఎప్పుడొస్తావు?" "చూడాలి." ముప్పై రెండు సెకన్లు. ఇంటర్వ్యూలు కూడా ఇలాగే నడిస్తే నలభై మందీ ఒక్క పూటలో అయిపోతారు.

జనవరి 22

గ్రామం-ఎ. ఊరి అసలు పేరు ఎక్కడా రాయకూడదని నైతిక నియమావళి. సరే, డైరీలో కూడా రాయను. చిలకలూరిపేట నుంచి షేర్ ఆటోలో ఇరవై నిమిషాలు. గ్రామం-బి అనేది లేదు, కానీ "ఎ" అంటే పరిశోధన పెద్దదిగా కనిపిస్తుందట.

పత్తి లారీ వెనకాలే ఆటో. దిగేసరికి నా జుట్టు నిండా దూది, వయసు యాభై. ఊరి బయట కళ్ళం. ఎండబోసిన మిరపకాయలు చూపు ఆనినంత మేర ఎర్రగా. ఫోటోకి భలే ఉంటుందని తీశాను. తర్వాత పది నిమిషాలు తుమ్మాను. ఆ కాయల మధ్యే కూర్చుని రంగు తేలిపోయిన తాలుకాయలు ఏరుతున్న పాతిక మంది ఆడవాళ్ళలో ఒక్కరూ తుమ్మలేదు. నన్ను చూసి నవ్వారు.

ఆ ముఠాకి పెద్ద సుబ్బరావమ్మ. నలభై ఐదేళ్ళుంటాయి. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకి తువ్వాలు. ఎవరు కోతకి పోవాలో, ఎవరు కళ్ళంలో ఉండాలో ఆమె చెప్పిందే మాట.

"డాక్టరమ్మవా?" అంది.

"కాదండి."

"నర్సమ్మవా?"

"కాదండి."

"మందులేమన్నా ఇస్తావా?"

"లేదండి."

"మరి మా సంచులతో నీకు పనేంది పాపా?"

"స్టడీ అండి. నా చదువు కోసం."

"ఓసినీ! మా సంచులు పోతే నీకు చదువొచ్చుద్దా!" అంది. పాతిక మందీ పగలబడి నవ్వారు.

నా డిజర్టేషన్‌కి ఇంతకన్నా మంచి సారాంశం గైడు గారు కూడా రాయలేరు.

జనవరి 30

సుబ్బరావమ్మ చేతులు ఆపకుండానే ఇంటర్వ్యూ ఇచ్చింది. ఫోను రికార్డింగులో పెట్టి కాయల గుట్ట మీద ఉంచాను.

ఇరవయ్యారేళ్ళకి తీయించుకుందట. అప్పటికి ఇద్దరు పిల్లలు. నెలకి పది రోజులు ఎర్రబట్ట.

"చేలో ఎక్కడ మార్చుకుంటావు? మిరపచెట్టు నడుం దాకా కూడా రాదు. కాలవ దాకా పోతే మేస్త్రి అరుపులు. పోనీ పోయినా... ఇదిగో, ఈ చేతులు చూడు. పొద్దుగూకులూ కారంలో ఉన్న చేతులు. ఈ చేతుల్తో బట్ట మార్చుకుంటే ఎట్టా మండుద్దో తెలుసా నీకు? కడుక్కుందామంటే తాగే నీళ్ళే ఉంటయ్యి."

"డాక్టరు ఏమన్నాడు?"

"తీయకపోతే క్యాన్సరన్నాడు."

"నమ్మారా?"

"నమ్మితే ఏంది, నమ్మకపోతే ఏంది? నేనడిగింది ఒకటే. మళ్ళీ పనిలోకి ఎప్పుడు పోవచ్చని. నెలన్నాడు. సరే తియ్యమన్నా."

ఏడో తరగతి చదివిందట. "బి" టిక్కు పెట్టాను.

ఇంకో నాలుగేళ్ళు చదివి ఉంటే ఇది జరిగేది కాదు అనిపించింది. గైడు గారు కూడా ఇదే మాట అంటారు కానీ ఆయన చిన్నచూపుతో అంటారు. నేను జాలితో అంటున్నాను. రెంటికీ చాలా తేడా ఉంది.

ఫిబ్రవరి 11

పదిహేడో మనిషి, ఖాదర్‌బీ. ముప్పై ఒక్కేళ్ళు. మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగుతో మొహం విసురుకుంటుంది. "ఒంట్లోంచి ఆవిర్లొస్తయ్యమ్మా. ఉన్నట్టుండి పొయ్యి ఎలిగిచ్చినట్టు. పిల్లల్ని ఊరికూరికే కొట్టేస్తన్నా. తర్వాత ఏడుపొచ్చుద్ది."

"ఆపరేషన్‌కి ముందు ఇవన్నీ మీకు తెలియవు కదండీ?"

"మా అక్కకీ ఇట్టాగే అయింది. తెలీకేం?"

బి.

ఫిబ్రవరి 19

బి, బి, సి, బి, బి.

ఫిబ్రవరి 25

నలభై మందీ అయ్యారు. ముప్పై మూడు "బి". గైడు గారి మొహం వెలిగిపోయింది. "అవేర్‌నెస్ గ్యాప్! నేను ముందే చెప్పానా?" అన్నారు. చెప్పారు. ప్రశ్నలోనే జవాబు పెట్టి మరీ చెప్పారు.

ఆయన దగ్గర అవగాహన ప్రాజెక్టు ఒకటి సిద్ధంగా ఉంది. ఊరూరా పోస్టర్లు వేస్తారట. నమూనా చూపించారు. గులాబీ రంగు గర్భసంచి, దానికి కళ్ళు, మూతి. నవ్వుతోంది. కింద "నన్ను కాపాడండి" అని.

"ఎలా ఉంది?"

"బావుంది సార్. కాటుక కూడా పెడితే ఇంకా బావుంటుంది."

నిజంగానే నోట్ చేసుకున్నారు.

మార్చి 2, చీరాల

నాన్న ఏదో పెళ్ళి చేయించడానికి పేరాల వెళ్ళారు. పురోహితుడికి ఆదివారాలుండవు. ఇంట్లో నేనూ అమ్మా.

మా అమ్మ బాలసరస్వతి హైస్కూల్లో బయాలజీ టీచరు. ఎమ్మెస్సీ, బీఈడీ. ఆవిడకి రెండే మూడ్స్: చిరాకు, చిరాకు పడీ పడీ వచ్చిన అలసట. శివరాత్రి వెళ్ళీ వెళ్ళకముందే ఫ్యాను ఐదులో పెట్టుకుని దాని కింద కూర్చుని పేపర్లు దిద్దుతుంది. పక్కన ఎవరికి చలేసినా పట్టదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఎత్తుకున్నట్టు, ముద్దు చేసినట్టు నాకు గుర్తు లేదు.

ఇంత వరకూ పొద్దున రాశాను. కొట్టెయ్యను. ఉండనీ. మధ్యాహ్నం జరిగింది రాస్తాను.

నా ఫారాలు భోజనాల బల్ల మీద వదిలి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి అమ్మ ఖాళీ ఫారం ఒకటి తీసి చదువుతోంది, చేతిలో ఎర్ర పెన్ను. ఆవిడ పెళ్ళి శుభలేఖలు కూడా దిద్దుతుంది.

"పదిహేడులో తప్పుంది" అంది.

"స్పెల్లింగా?"

"కాదు. ఈ నాలుగింట్లో నాది లేదు."

అర్థం కాలేదు. అమ్మ పెన్నుకి మూత పెట్టింది.

"నీకు ఆరేళ్ళప్పుడు నాకు ఆపరేషన్ అయింది."

"కిడ్నీలో రాయికి కదా?"

"నీకలా చెప్పాం."

నేను కుర్చీలో కూర్చోలేదు. తల తుడుచుకుంటూ నిలబడే ఉన్నాను. అమ్మ నా వైపు చూడకుండా, క్లాసులో నోట్సు చెప్పే గొంతుతో చెప్పింది.

"నాకు నెలకి పదిహేను రోజులు బ్లీడింగ్ అయ్యేది. ఒక్కోసారి ఇరవై. మీ నాయనమ్మ మడి సంగతి నీకు తెలుసుగా. అన్ని రోజులూ పెరటి వసారాలో చాప మీద ఉండేదాన్ని. పొద్దున్నే పెరటి తలుపులోంచి స్కూలుకి వెళ్ళేదాన్ని. అక్కడ బోర్డు మీద గర్భాశయం బొమ్మ వేసి టెన్త్ పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. రంగు సుద్దలతో వేసేదాన్ని, బాగా వచ్చేది. సాయంత్రం మళ్ళీ పెరటి తలుపులోంచి వసారాలోకి."

"నాకు వసారా గుర్తుంది" అన్నాను.

"నువ్వు పరిగెత్తుకొచ్చేదానివి. నన్ను ముట్టుకుంటే నీకు స్నానం. నీకేమో ఆయాసం, చన్నీళ్ళు పడవు. అందుకని నువ్వు కనపడగానే రావద్దని కేకేసేదాన్ని. ఒకరోజు నేను కేకెయ్యకముందే నువ్వు గుమ్మంలో ఆగిపోయావు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డావు. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాను."

"క్యాన్సరొస్తుందన్నాడా?"

"అన్నాడు. అబద్ధమని తెలుసు. మందులు వాడి చూద్దామని నేనే అడగాల్సింది. నాలుగైదు నెలలు పట్టేది. అన్నాళ్ళు ఆగడం నా వల్ల కాలేదు."

"నాన్నకి తెలుసా?"

"ఆపరేషన్ సంగతి తెలుసు. సంతకం పెట్టారు. ఎందుకని అడగలేదు."

ఇంకేం అడగాలో తెలియక, "తర్వాత?" అన్నాను. ఇంటర్వ్యూల్లో వాడే మాట.

"తర్వాత నువ్వు రాలేదు. అలవాటైపోయింది నీకు. రమ్మని పిలిచినా గుమ్మంలోనే నిలబడేదానివి."

ఫ్యాను చప్పుడు. నా తల నుంచి నీళ్ళు ఫారాల మీద పడుతున్నాయని చూసి అమ్మ వాటిని పక్కకి జరిపింది.

"అయితే నీకు ఏం టిక్కు పెట్టను?" అన్నాను. ఇంతకన్నా పనికిమాలిన మాట నా జీవితంలో అనలేదు.

"నన్నడుగుతావేం? పరిశోధన నీది" అని మళ్ళీ పెన్ను మూత తీసింది.

మార్చి 3

పొద్దున్న గుంటూరు బస్సెక్కాను. అమ్మ టిఫిన్ బాక్సు ఇచ్చింది, తీసుకున్నాను. కోపంగా ఉంది. ఎవరి మీదో రాయను.

మార్చి 4

నాయనమ్మ మీద. ఆవిడ పోయి రెండేళ్ళయింది. చాలా సౌకర్యం.

మార్చి 6

నాయనమ్మ ఒక్కదాని మీదే కాదు.

మార్చి 9

నలభై రికార్డింగులూ మొదటి నుంచీ విన్నాను. మూడు రోజులు పట్టింది. కారం చేతులు, చాటు లేని చేలు, పసిపిల్లలు, నెలనెలా ఆస్పత్రికి తిరిగితే ముఠాలోంచి తీసేస్తారన్న భయం, తాగొచ్చే మొగుడికి దూరంగా ఉండటానికి డాక్టరు చెప్పిన మూడు నెలలు. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ ఫారంలోకి రాలేదు. ఎందుకు రాలేదంటే, ప్రతి రికార్డింగులోనూ మంచి చోట ఒక గొంతు అడ్డం వస్తుంది. "సరేనండి, అంటే తెలియకనే కదా?" తీయగా, ఓపిగ్గా, బడి పంతులు మందబుద్ధి పిల్లల్ని అడిగినట్టు.

ఆ గొంతు నాది.

చిన్నచూపుకీ జాలికీ చాలా తేడా ఉందని జనవరిలో రాసుకున్న మనిషి ఎవరో, ఆవిడ దొరికితే మాట్లాడాలి.

మార్చి 10

అమ్మకి ఫోన్ చేశాను. నీ సంగతి థీసిస్‌లో రాయొచ్చా అని అడిగాను. "పేరు వద్దు. టీచరని రాయి. వసారా రాయి" అంది.

ఫోనులో నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో రెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడలేదు.

మార్చి 14

గైడు గారికి చెప్పాను, పదిహేడో ప్రశ్నకి జవాబులన్నీ రికార్డింగుల్లోంచి మళ్ళీ రాశానని.

"ముప్పై మూడు 'బి'లు ఏమయ్యాయి?"

"నాలుగు మిగిలాయి సార్. మిగతావాళ్ళకి తెలుసు. తెలిసే తీయించుకున్నారు. వేరే దారి లేక."

"అలా రాస్తే రికమండేషన్ ఏం ఇస్తావు? చేలో బాత్రూములు కట్టమనా? మనం సోషల్ సైంటిస్టులం, మున్సిపాలిటీ కాదు." పేజీలు తిప్పారు. "ఈ నలభై ఒకటో రెస్పాండెంట్ ఎవరు?"

"పట్నం ఆవిడ సార్. బయాలజీ టీచరు. ఎమ్మెస్సీ బీఈడీ."

"ఆవిడ మన శాంపిల్ కాదు, లెక్కకి పొసగని ఔట్‌లయర్. తీసెయ్."

"ఆవిడ కూడా సరిగ్గా అవే కారణాలు..."

"తీసెయ్యమ్మా. ఉంటే గొడవ."

డాక్టర్లు కూడా ఇంతకన్నా ఎక్కువేం చెప్పి ఉండరు.

మార్చి 29

సుబ్బరావమ్మ ఫోను.

"పాపా, మా తేజశ్రీకి ఈ గురువారం సంచి తీస్తన్నారు. వచ్చి రాసుకుపో. నీ కాయితంలో ఇంకోటి పెరుగుద్దిగా."

తేజశ్రీ ఆమె కూతురు. ఇరవై ఏడేళ్ళు. బీకాం చదివి పేటలో స్పిన్నింగు మిల్లు ఆఫీసులో కంప్యూటర్ మీద పనిచేస్తుంది. ఇద్దరు పిల్లలు. జనవరిలో నాకు మజ్జిగ ఇచ్చిన అమ్మాయి. ఎప్పుడూ పాలిపోయి ఉండేది. అందంగా తెల్లగా ఉందనుకున్నాను. ఆరోగ్యం చదువుతున్నాను కదా.

సుబ్బరావమ్మ మనసులో వేరే ఏమీ లేదు. నా మీద అభిమానంతోనే చేసింది. ఊళ్ళో నెల పైన తిరిగి నేను సంపాదించుకున్న పేరు ఇది: సంచులు పోతే సంతోషించే మనిషి.

మార్చి 30

గైడు గారిని అడిగాను. "పరిశోధకులు కలగజేసుకోకూడదు. ఫీల్డ్ కంటామినేట్ అవుతుంది" అన్నారు.

అమ్మకి ఫోన్ చేశాను. మూడు ప్రశ్నలు అడిగింది. వయసెంత, రక్తం ఎంత ఉంది, మందులేమన్నా వాడారా. మూడోదానికి లేదన్నాను. "ఎల్లుండి సెలవు పెడతాను" అంది. నన్ను కన్నాక అమ్మ ఎవరి కోసమైనా సెలవు పెట్టడం నేను వినలేదు.

ఏప్రిల్ 2

నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రాస్తున్నాను.

నిన్న అమ్మా నేనూ పేటలో కలుసుకుని ఊరికి వెళ్ళాం. కళ్ళం పక్కగా నడుస్తుంటే అమ్మ తుమ్మింది. "వీళ్ళు రోజంతా ఇక్కడేనా?" అంది. అంతే.

తేజశ్రీ మమ్మల్ని కూర్చోమని, తను గోడకి ఆనుకుని నిలబడింది.

"మేడమ్, మీరేం చెబుతారో నాకు తెలుసు. తీయించుకుంటే ఏమవుద్దో ఫోనులో అంతా చూశాను. మిల్లులో ఆడోళ్ళందరికీ కలిపి ఒకటే బాత్రూము, తాళం సూపర్‌వైజర్ దగ్గర. ప్రతిసారీ వెళ్ళి చెయ్యి చాపి అడగాలి. వాడు గడియారం చూసి ఇస్తాడు. నెలకి పన్నెండు రోజులు ఎన్నిసార్లు అడగమంటారు? పోయిన నెల కుర్చీ మీద మరకయింది. నేను లేచే దాకా వాళ్ళంతా నవ్వుతూనే ఉన్నారు."

సుబ్బరావమ్మ గట్టిగా అంది: "దాన్ని ఆపమాక పాపా. నేను బతకట్లా? ఇదీ బతుకుద్ది."

నేను నా క్లాసు పాఠాలన్నీ గుర్తు చేసుకుంటున్నాను. హక్కులు, ఎంపిక, సమాచారంతో కూడిన సమ్మతి.

అమ్మ అంది: "చేయించుకోమని చెప్పను, వద్దనీ చెప్పను. రేపొక్కరోజు నాతో ప్రభుత్వాసుపత్రికి రా. ఎల్లుండి నీ ఇష్టం."

"మీరెందుకొస్తారండీ?" అంది తేజశ్రీ.

"నాతో ఎవరూ రాలేదు" అంది అమ్మ.

ఇవాళ పొద్దున ఎనిమిదింటి నుంచీ లైన్లో ఉన్నాం. పన్నెండయ్యాక లోపలికి పిలిచారు. సుబ్బరావమ్మతో కలిపి నలుగురం వెళ్ళాం. గదిలో ఇంకా ఆరేడుగురు పేషంట్లు, తలుపు దగ్గర ఇంకో పది మంది. డాక్టరు నా వయసు అమ్మాయి. విసుగ్గా ఉంది, నిద్ర లేని కళ్ళు. ప్రైవేటువాళ్ళు తీసిన స్కానింగు చూసింది, రక్తపరీక్ష కాగితం చూసింది.

"రక్తం ఏడుంది. చిన్న గడ్డ ఉంది, అంతే. దీనికి సంచి తీయడమేంటి? డిగ్రీ చదివానంటున్నావు. ఆ మాత్రం తెలీదా నీకు?"

గదిలో అందరూ తేజశ్రీ వైపు తిరిగారు. ఆ పిల్ల తల వంచుకుంది.

"తెలుసమ్మా" అంది అమ్మ.

డాక్టరు తలెత్తింది.

"ఈ అమ్మాయికి తెలుసు. నాకూ తెలుసు. పాతికేళ్ళుగా బయాలజీ చెబుతున్నాను. ముప్పై రెండేళ్ళకి తీయించుకున్నాను. తెలిసే తీయించుకున్నాను. తెలీదా అని అడక్కండి. ఎందుకని అడగండి, లేకపోతే మందు రాయండి."

గట్టిగా అనలేదు. బెంచీల మీద వాళ్ళకి కూడా వినపడేలా మాత్రం అంది. ఈ మాటలు పదిహేడేళ్ళు ఇంట్లో గోడలకి కూడా చెప్పని మనిషి. హ్యాండ్‌బ్యాగు గట్టిగా పట్టుకుంది.

డాక్టరు మొహం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను. కుర్చీ చూపించి "కూర్చోండి మేడమ్" అంది. తర్వాత తేజశ్రీని పదిహేను నిమిషాలు అడిగింది. మిల్లు గురించి కూడా. రక్తానికి మాత్రలు, బ్లీడింగుకి మాత్రలు, థైరాయిడ్ పరీక్ష, మూడు నెలల తర్వాత మళ్ళీ రావాలి. అప్పటికీ తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దామంది. బాత్రూము తాళానికి మందు రాయలేదు, అది ఆమె చేతిలో లేదు.

బయట బెంచీ మీద సుబ్బరావమ్మ అమ్మ పక్కన కూర్చుంది. చాలాసేపు అమ్మ చెప్పులకేసి చూసింది.

"మీకూ లేదా అమ్మగారూ?"

"లేదు."

"నడుం లాగుద్దా?"

"లాగుద్ది" అంది అమ్మ.

నేను "అవుద్ది" అన్నా "అవుతుంది అనాలి" అని దిద్దే మనిషి.

"ఆవిర్లు?"

"ఫ్యాను కింద నుంచి కదలను."

ఇద్దరూ అలా ఒక్కోటీ చెప్పుకున్నారు. నేను ఫోను తీసి రికార్డు చేయలేదు.

ఏప్రిల్ 3

గురువారం. తేజశ్రీ మిల్లుకి వెళ్ళింది.

మే 9

థీసిస్ ఇచ్చేశాను. నలభై ఒకటో మనిషి ఉంది. గైడు గారు సంతకం పెట్టి, దాని పక్కన "సూచించిన సవరణలు చేయలేదు" అని ఆకుపచ్చ ఇంకుతో రాశారు. నాకు తెలిసి ఆయన ఈ రెండేళ్ళలో రాసిన ఏకైక సత్యం అదే.

జూన్ 13

వైవా అయింది. బి గ్రేడు. అదే అక్షరం నేను ముప్పై మూడు మందికి ఇచ్చాను.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక్క ప్రశ్న అడిగారు, "ఇంతకీ అవగాహన కార్యక్రమాల అవసరం ఉందంటారా, లేదంటారా?" ఉందన్నాను. ముందు మనకి అన్నాను. గైడు గారు టీ తెప్పించారు.

ఆయన నా మొదటి టేబుల్‌నే, ముప్పై మూడు "బి"లతో, ఏదో సెమినార్‌లో చదివారట. రెండో పేరు నాది. అక్షరదోషంతో. నా పేరు తీసెయ్యమని రాతపూర్వకంగా ఇచ్చాను. పోస్టర్లు మాత్రం ప్రింటయిపోయాయి.

తేజశ్రీ ఫోన్ చేసింది. పన్నెండు రోజులు ఏడయిందట. "పూర్తిగా తగ్గలా మేడమ్" అంది. జూలైలో మళ్ళీ డాక్టరు దగ్గరికి. మిల్లులో ఎనిమిది మంది ఆడవాళ్ళు కలిసి వెళ్ళి తాళం చెవి తమ దగ్గరే పెట్టుకుంటామని అడిగారట. మేనేజర్ చూద్దామన్నాడట. "అమ్మగారొస్తారా జూలైలో?" అని అడిగింది. నేనొస్తానో రానో అడగలేదు.

జూన్ 22, చీరాల

థీసిస్ కాపీ ఒకటి ఇంటికి తెచ్చాను. పొద్దున నాన్న హాల్లో కుర్చీలో కూర్చుని అట్ట మీద నా పేరు పైకి చదువుకుని మురిసిపోయారు. ఇంగ్లీషు పేజీలు వదిలేసి, ఇంటర్వ్యూల తెలుగు భాగం దగ్గర ఆగారు. మంత్రం చదివినట్టు వేలు పెట్టి నెమ్మదిగా చదువుతారు ఆయన. అమ్మ కింద చాప మీద గోరుచిక్కుళ్ళు ముందేసుకుని ఈనెలు తీస్తోంది. నేను కిటికీ దగ్గర ఉన్నాను. కావాలనే అక్కడ ఉన్నాను. ఆయన మొహం చూడాలని, చూసి తృప్తిగా అసహ్యించుకోవాలని.

"పాపం" అన్నారు నాన్న. "ఈ నలభై ఒకటో ఆవిడ... పెరటి వసారాలో చాప మీద నెలకి పదిహేను రోజులట. పసిపిల్లని కూడా ముట్టుకోనివ్వలేదట. మనవాళ్ళలాగే ఉన్నారే. ఎవరమ్మా ఈవిడ?"

"నేనే" అంది అమ్మ.

నాన్న కళ్ళజోడు తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"నీకు... బ్లీడింగ్ ఎక్కువైందని కదా అప్పుడు..."

"అవును. ఎందుకు తీయించుకున్నానో అక్కడుంది. చదవండి."

చదివారు. వేలు చాలా నెమ్మదిగా కదిలింది. ఆ పేజీ అయ్యాక తిప్పలేదు. మళ్ళీ మొదటి నుంచీ చదివారు.

"మా అమ్మ ఇంత బాధ పెట్టిందా నిన్ను" అన్నారు.

అమ్మ చేతిలో కాయ విరిచి గిన్నెలో వేసింది.

"అత్తయ్య పెద్దావిడ. ఆవిడకి తెలిసింది అంతే. మీరూ ఉన్నారుగా ఆ ఇంట్లో."

నాన్న తలెత్తి అమ్మకేసి చూశారు. నేను ఎదురుచూసిన మొహం అది కాదు. దానికి ఏం పేరు పెట్టాలో తెలియలేదు, అసహ్యించుకోవడానికి నేను సిద్ధం చేసుకున్నదంతా చేతిలోనే మిగిలిపోయింది.

సాయంత్రం ఆయన ఒక గృహప్రవేశానికి వెళ్ళాలి. ఫోన్ చేసి ఒంట్లో బాలేదని చెప్పారు. ఒంట్లో బానే ఉంది. థీసిస్ కుర్చీలో పెట్టి లేచి వచ్చి, చాప మీద అమ్మకి ఎదురుగా కూర్చున్నారు. గుట్టలోంచి ఒక కాయ తీసుకున్నారు. ఈనె తీయడం రాక మధ్యకి విరిచేశారు. ఇంకోటి తీసుకున్నారు, అదీ అంతే.

అమ్మ చూసింది. ఎలాగో చూపించలేదు. గుట్ట ఆయన వైపు కొంచెం జరిపి తన పని తను చేసుకుంది.